అమానతును కాపాడిన దివాన్ మొదటి సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే మనకు గుర్తుకొచ్చేది హైదరాబాదులోని మ్యూజియం. గంటగంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారాన్నీ, మేలిముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహాన్నీ చూసి వచ్చినవారు మన నాయుడుపేటలోనూ చాలామందే ఉన్నారు. అయితే ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949). ఈ శుక్రవారం మనం చెప్పుకోబోయేది ఆయన తాతగారి గురించి. ఆ తాతగారి అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో జన్మించి, 24 ఏళ్ళ వయసులో హైదరాబాదు రాజ్యానికి దివాన్ అయి, 1883లో కన్నుమూసేదాకా 30 సంవత్సరాలు ఆ పదవిలోనే ఉన్న మహనీయుడు ఆయన.

ఎక్కడి హైదరాబాదు దివాన్, ఎక్కడి నాయుడుపేట అని కొందరికి అనిపించవచ్చు. మన ఊరి నుంచి ఎందరో యువకులు మేనకూరు ఫ్యాక్టరీలకూ, శ్రీసిటీ కంపెనీలకూ, నెల్లూరు, చెన్నై ఆఫీసులకూ ఉద్యోగాలకు వెళుతున్నారు. పని చేసేచోట పైఅధికారికి అనుమానం, తోటివారికి అసూయ, సరుకు ఇచ్చేవాడికి బకాయి భయం, కింద పనిచేసేవారికి జీతం రాదేమోనన్న దిగులు. ఇన్ని వైపుల నుంచి చూసే కళ్ళ మధ్య ఒక మనిషి నమ్మకస్తుడు అనిపించుకోవడం ఎట్లా? ఉర్దూలో దీనిని ఎతబార్ అంటాం. ఈ ఎతబార్ కోసం మీర్ తురాబ్ అలీ ఖాన్ పడినంత శ్రమ ఆ కాలపు ప్రభువుల్లో చాలా తక్కువమంది పడ్డారు. దాన్ని ఆయన కొందరి దగ్గర సంపాదించారు. ఒకచోట ఎంత చేసినా సంపాదించలేకపోయారు. మరొకచోట తానే పోగొట్టుకున్నారని నా అభిప్రాయం.

అప్పుల వల్ల సర్కారు కూలిపోవడమంటే ఏమిటో మన నెల్లూరు సీమకు కొత్త కాదు. ఈ ప్రాంతం ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది. నవాబ్ ముహమ్మద్ అలీ వాలాజా యుద్ధాల కోసమూ, దర్బారు ఖర్చుల కోసమూ కంపెనీ ఉద్యోగుల దగ్గరా, మద్రాసు దొరల దగ్గరా చేసిన అప్పులు ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు వచ్చేంతగా పెరిగాయి. ఆయన 1795లో మరణించారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1801లో, కర్ణాటక రాజ్యపాలన మొత్తం ఈస్టిండియా కంపెనీ వశమైపోయింది. నెల్లూరు కూడా ఆ విధంగానే పోయింది. అర్ధ శతాబ్దం తర్వాత హైదరాబాదు కూడా సరిగ్గా అదే అంచు మీదికి వచ్చి నిలబడింది.

తురాబ్ అలీ ఖాన్ దివాన్ల కుటుంబంలో పుట్టారు. ఇప్పటికీ హైదరాబాదులో మీర్ ఆలం చెరువు అంటారే, ఆ చెరువు కట్టించిన మీర్ ఆలం ఈ వంశానికి పెద్ద. తాత మునీర్-ఉల్-ముల్క్ దివాన్‌గా చేశారు. పెదనాన్న చిన్నాన్నల వరుసలో సిరాజ్-ఉల్-ముల్క్ రెండుసార్లు దివాన్ అయ్యారు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో కుర్రవాడు ఈ సిరాజ్-ఉల్-ముల్క్ చేతుల మీదుగా పెరిగాడు. ఫార్సీ, అరబ్బీ చదువుకున్నాడు. కొంత ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళు నిండకుండానే ఆయనను ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పంపారు. అంతకు ముందు అక్కడ నిజాం కొలువులో డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి శిస్తు వ్యవహారాలను ఒక పద్ధతిలో పెట్టి ఉన్నాడు. ఈ కుర్ర తాలూక్‌దారు ఆ పద్ధతిని కొట్టిపారేయకుండా శ్రద్ధగా నేర్చుకున్నారు. అక్కడ ఉన్నది ఎనిమిది నెలలే. తెలంగాణ రైతు పొలం నుంచి బయలుదేరిన రూపాయి ఎన్ని చేతులు మారి, ఎంత అరిగి ఖజానా చేరుతుందో కళ్ళారా చూడడానికి ఆ ఎనిమిది నెలలు చాలాయి.

1853 మే 21న లార్డ్ డల్హౌసీ ఒత్తిడి మీద నిజాం నాసిరుద్దౌలా ఒక ఒడంబడిక మీద సంతకం చేయవలసి వచ్చింది. హైదరాబాదు కాంటింజెంటు అనే ఇంగ్లీషు అజమాయిషీలోని సైన్యానికి జీతాల బకాయి పేరుతో బేరార్, రాయచూరు దోఆబ్, ధారాశివ్ జిల్లాలను కంపెనీకి అప్పగించారు. ఆ దిగులుతోనే కాబోలు, సంతకాలైన కొద్ది రోజులకే దివాన్ సిరాజ్-ఉల్-ముల్క్ మరణించారు. మే 31న ఆయన స్థానంలో తురాబ్ అలీ ఖాన్‌ను నియమించారు. తనకు ఆ పదవి మీద ఆశ లేదనీ, చిన్నాన్న జాగీర్లతో తృప్తిగా ఉండిపోవాలనుకున్నాననీ, కాదంటే కుటుంబానికే ముప్పు అని హితులు హెచ్చరించడం వల్ల ఒప్పుకున్నాననీ ఆయన తర్వాత ఒక లేఖలో వ్రాసుకున్నారు.

ఆయన చేతికి వచ్చిన రాజ్యం ఎట్లా ఉందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

రాజా చందూలాల్ 1843 వరకు దాదాపు 35 ఏళ్ళు వ్యవహారాలు నడిపారు. అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయడం ఆ రోజుల్లో అలవాటైపోయింది. పామర్ కంపెనీ అనే ఇంగ్లీషు వ్యాపార సంస్థ నూటికి 24, 25 రూపాయల వడ్డీకి సర్కారుకు అప్పులిచ్చి, 1820లలో కూలిపోయింది. ఆ తర్వాత షావుకార్లు, అరబ్బు జమేదార్లు, రోహిల్లా పఠాన్లు అప్పులిచ్చేవారయ్యారు. సైన్యానికి జీతాలియ్యడానికి డబ్బు ఉండేది కాదు. జమేదారే తన మనుషులకు జీతమిచ్చి ఆ మొత్తాన్ని సర్కారు పేర అప్పు వ్రాసుకునేవాడు. దానికి బదులు ఒక తాలూకాను తాకట్టుగా తీసుకునేవాడు. ఇక ఆ తాలూకాలో శిస్తు వసూలు చేసేది అతని తుపాకీ మనుషులే. ఎంత వసూలైందో, అప్పులో ఎంత తీరిందో, వడ్డీ ఎంత మిగిలిందో అతను చెప్పిందే లెక్క. ఖజానాకు దమ్మిడీ చేరేది కాదు. చేరనందువల్ల మరుసటి ఏడు మరో తాలూకా తాకట్టు. అప్పు కోట్లలోకి పోయింది. వడ్డీ హరాం అని ఎరిగిన కుటుంబాలవారే హద్రమౌత్ నుంచి వచ్చి ఇక్కడ వడ్డీ వ్యాపారులైపోవడం మనసుకు కష్టం కలిగించే సంగతి. బాకీ పడ్డవారిని వారు తమ సొంత ఠాణాల్లో నిర్బంధించేవారు కూడా.

ఇంతటి చిక్కులో ఒక 24 ఏళ్ళ యువకుడు ఏం చేయగలడు? సైన్యం అతని మాట వినదు, ఎందుకంటే సైన్యమే అప్పులవాడు. షావుకారు అతనికి అప్పివ్వడు, ఎందుకంటే పాత దివాన్ల వాగ్దానాలు పెట్టె నిండా ఉన్నాయి. రైతు అతని మనుషులను చూసి పారిపోతాడు. నిజాం ప్రభువుకు ఇంత చిన్నవాడి మీద గురి లేదు. రెసిడెంటు దొరకు హైదరాబాదు మనుషులెవ్వరి మీదా గురి లేదు.

ఆయన మాటలతో మొదలుపెట్టలేదు. లెక్కలతో మొదలుపెట్టారు. ఒక్కొక్క అప్పులవాడినీ పిలిపించి, దస్తావేజులు తెప్పించి, అసలు ఎంత, వడ్డీ ఎంత, తాకట్టు తాలూకా నుంచి ఇంతవరకు వసూలైంది ఎంత అని కాగితం మీద పెట్టించారు. ఎక్కువ వ్రాసుకున్నచోట తగ్గించారు. న్యాయంగా రావలసిన దానికి వాయిదాలు కట్టారు. ముఖ్యమైన విషయం ఏమిటంటే, వాయిదా తేదీ వచ్చిన రోజున డబ్బు పంపించారు. మొదటి వాయిదా అందినప్పుడు షావుకారు ఆశ్చర్యపోయి ఉంటాడు. రెండవది, మూడవది అందేసరికి తాకట్టు తాలూకా వదిలిపెట్టడానికి ఒప్పుకోవడం తేలికైంది. అలా సంవత్సరాల తరబడి, ఒకటి తర్వాత ఒకటిగా తాకట్టు తాలూకాలు సర్కారు చేతికి తిరిగి వచ్చాయి. బలవంతంగా ఒక్కరోజులో లాక్కోవాలని చూసివుంటే నగరం వీధుల్లో నెత్తురు పారేది. అరబ్బుల దగ్గర ఉన్నన్ని తుపాకులు అప్పటి దివాన్ దగ్గర లేవు.

జీతాల విషయంలో కూడా అంతే. సర్కారు నౌకర్లకు నెలల తరబడి జీతాలు బాకీ ఉండేవి. జీతం రాని నౌకరు లంచం తింటాడు. వాడిని శిక్షించే ముందు వాడి జీతం ఇవ్వాలి కదా. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. తెలిసినవారందరూ పాటిస్తే ఎన్ని ఇళ్ళలో పొయ్యి సమయానికి వెలుగుతుందో చెప్పనక్కరలేదు. తురాబ్ అలీ ఖాన్ నెలనెలా క్రమంగా జీతం ఇచ్చే ఏర్పాటు చేశారు. దాని కోసం ఖర్చులు తగ్గించారు, నగరంలో ఒక కేంద్ర ఖజానా నెలకొల్పారు. జిల్లాకొక టంకశాల, ఊరికొక మారకం ఉన్న గందరగోళాన్ని తొలగించి హాలీ సిక్కా అనే ఒకే రూపాయిని చెలామణిలోకి తెచ్చారు. ఈనాటి మనకు ఇది పెద్ద విషయంగా కనిపించదు. కానీ చేతిలోని రూపాయి విలువ పక్క ఊళ్ళో ఎంతో తెలియని వ్యాపారికి అది ఎంత ఊరటో ఆలోచించండి.

బాకీని వ్రాసి పెట్టుకోమని దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. ఆ గ్రంథం మొత్తంలో అన్నిటికంటే పొడవైన వాక్యం (ఆయత్) నమాజు గురించినది కాదు, ఉపవాసాల గురించినదీ కాదు, అప్పు పత్రం గురించినది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుక్కోకూడదు అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. మా మదరసాలో ఈ ఆయత్ చదివేటప్పుడు విద్యార్థులకు దీని అవసరం అంతగా అర్థమయ్యేది కాదు. అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకులే అనుకుని పదేళ్ళ తర్వాత కోర్టుకెక్కే కుటుంబాలను చూశాక అర్థమవుతుంది. నమ్మకం ఉన్నచోట కాగితం అక్కరలేదని మనం అనుకుంటాం. కాగితం ఉన్నచోటే నమ్మకం నిలుస్తుందని హైదరాబాదు దివాన్ దస్తరాలు సాక్ష్యమిస్తాయి.

ఇక రైతు సంగతి. పూర్వం శిస్తు వసూలును వేలం పాడుకున్న గుత్తేదారులుండేవారు. ఎంత పిండితే అంత వారికి లాభం. 1860లలో ఈ గుత్తల పద్ధతిని పూర్తిగా తొలగించారు. 1864లో రెవెన్యూ బోర్డు లాంటి ఒక మజ్లిస్ ఏర్పాటైంది. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, ఒక్కొక్క జిల్లాకు జీతం తీసుకునే తాలూక్‌దారును నియమించారు. అధికారికి వసూలులో వాటా లేదు, జీతం ఉంది. ఈ ఒక్క మార్పుతో రైతుకూ అధికారికీ మధ్య సంబంధమే మారిపోయింది. ఒక లోటు మాత్రం చెప్పాలి. దస్తరాలన్నీ ఫార్సీలోనే నడిచాయి. వరంగల్లు, నల్లగొండ రైతుకు తన పేర వచ్చిన కాగితం చదివి చెప్పడానికి మరొకరు కావలసి వచ్చేది. తెలుగు రైతు చేతికి తెలుగు కాగితం ఇవ్వాలన్న ఆలోచన ఆ మహామంత్రికి రాలేదు.

1857 సంవత్సరం ఆయన జీవితంలో అన్నిటికంటే కఠినమైన పరీక్ష. మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాం అయ్యారు. అదే నెలలో మీరట్, ఢిల్లీలలో తిరుగుబాటు. హైదరాబాదు కూడా లేస్తే దక్షిణాది అంతా లేస్తుందని ఇంగ్లీషువారు భయపడ్డారు. నగరంలో మసీదుల గోడల మీద జిహాద్ ప్రకటనలు వెలిశాయి. ఆ సమయంలో జమేదార్ చీదా ఖాన్ అనే సైనికుడు తోటి సిపాయిలతో కాంటింజెంటు నుంచి తప్పించుకుని హైదరాబాదు వచ్చాడు. ఇక్కడ ఆశ్రయం దొరుకుతుందని వారి ఆశ. దివాన్ వారిని పట్టించి రెసిడెంటుకు అప్పగించారు. జూలై 17 శుక్రవారం నాడు మక్కా మసీదులో జనం కోపంతో ఊగిపోయారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, నగరవాసులు కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడిచారు. ఆ కబురు దివాన్ ముందే రెసిడెంటు డేవిడ్సన్‌కు పంపించారు. రాత్రంతా కాల్పులు జరిగాయి. తెల్లవారేసరికి దాడి చేసినవారు వెనక్కు తగ్గవలసి వచ్చింది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. మౌల్వీ సాహెబ్‌ను అండమాన్ పంపించారు.

దీని గురించి మన పెద్దల్లో రెండు అభిప్రాయాలున్నాయి. హైదరాబాదును ఢిల్లీ గతి పట్టకుండా కాపాడాడని కొందరు, ఇంగ్లీషువారికి కొమ్ముకాశాడని కొందరు అంటారు. ఢిల్లీలో ఆ సంవత్సరం సెప్టెంబరులో జరిగిన ఊచకోత చదివినవారికి మొదటి మాటలో బలం కనిపిస్తుంది. తన రాజ్యపు బలం ఎంతో, కంపెనీ ఫిరంగుల బలం ఎంతో దివాన్‌కు అంకెలతో సహా తెలుసు. అయినా నా మటుకు నాకు రెసిడెన్సీ గోడల దగ్గర ఆయన తీసుకున్న వైఖరి వేరు, చీదా ఖాన్ బృందాన్ని అప్పగించడం వేరు. పనాహ్ కోరి వచ్చినవాడు కూడా ఒక అమానతే. వారిని నగరం దాటించి పంపివేయడానికి దారి లేకపోయిందా? ఆ శుక్రవారం మక్కా మసీదులో కూర్చున్నవారి మనసుల్లో ఆయన పోగొట్టుకున్నది తిరిగి పూర్తిగా రాలేదు. ఆయన మీద జరిగిన హత్యాయత్నాల వెనుక ఈ కోపం కూడా ఉందని అనుకోవచ్చు. 1859 మార్చి 15న నిజాం దర్బారు నుంచి రెసిడెంటుతో కలిసి బయటికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి తుపాకీ పేల్చాడు. గురి తప్పింది. కత్తి దూసి మీదికి వచ్చినవాడిని అక్కడే నరికివేశారు. 1868 జనవరిలో దర్బారుకు వెళుతుండగా మరొకసారి కాల్పులు జరిగాయి. ఆ రెండవ హంతకుడి మరణశిక్షను తగ్గించమని సాలార్‌జంగ్ స్వయంగా ప్రయత్నించారు. ఆ ప్రయత్నం ఫలించలేదు.

ఇంగ్లీషువారు ఆయనను ఎంతగా మెచ్చుకున్నారో, నిజాం అఫ్జలుద్దౌలాకు ఆయన మీద అంతగా అనుమానం పెరిగింది. ఉద్యోగాలు చేసే మన సోదరులకు ఈ బాధ తెలుసు. బయటి కంపెనీవాడు వచ్చి మన పనిని పొగిడితే సొంత యజమాని ముఖం ముడుచుకుంటుంది. ప్రభువుకూ దివాన్‌కూ మధ్య కబుర్లు మోసేవారుండేవారు. వారు ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ వేరే రంగు పూసి చెప్పేవారు. నగరం దాటడానికే కాదు, తన దేవిడీ వదిలి బయటికి వెళ్ళాలన్నా దివాన్ నిజాం అనుమతి తీసుకోవలసి వచ్చేది. రాజ్యమంతటికీ మంత్రి అయినవాడు సొంత ఇంట్లో ఖైదీలా బ్రతికాడు. 1861లో ఒకసారి, 1867లో ఒకసారి పదవి ఊడినంత పని అయింది. మత విషయం కూడా ఉంది. సాలార్‌జంగ్ కుటుంబం షియా, నిజాం వంశం సున్నీ. ఓర్వలేనివారికి అదొక సాకుగా దొరికేది.

దీనికి ఆయన చేసిన జవాబు నిశ్శబ్దమే. రెసిడెంటు దగ్గర తన ప్రభువు మీద చాడీలు చెప్పలేదు. ప్రభువుకు తెలియకుండా ఒక్క ఒప్పందమూ చేయలేదు. ప్రతి పెద్ద కాగితాన్నీ నిజాం ఆమోదానికి పంపేవారు, తిరిగి రావడానికి ఎన్ని రోజులైనా ఓపిక పట్టేవారు. దైవప్రవక్త (స) మక్కా వదిలి హిజ్రత్ చేసిన రాత్రి, తనను చంపడానికి ఇంటిని చుట్టుముట్టినవారి అమానతులు తన వద్ద ఉంటే, వాటిని ఎవరివి వారికి అప్పగించమని హజ్రత్ అలీ (ర)ను వెనుక ఉంచి వెళ్ళిన సంగతి మనం సీరత్ గ్రంథాల్లో చదువుకుంటాం. ఎదుటివాడు మనల్ని నమ్మడం లేదు గనుక మనం కూడా నమ్మకంగా ఉండనక్కరలేదు అనే వాదన ఆ సంఘటన ముందు నిలబడదు. దివాన్ కూడా ఆ సీరత్ చదివి పెరిగినవాడే. అఫ్జలుద్దౌలా చివరి వరకూ ఆయనను మనస్ఫూర్తిగా నమ్మారని చెప్పలేం. 1869 ఫిబ్రవరి 26న ఆ ప్రభువు కన్నుమూసినప్పుడు వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్ వయసు మూడేళ్ళు నిండలేదు. దివాన్ ఆ పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టి, షంసుల్ ఉమ్రా అమీరె కబీర్‌తో కలిసి సంరక్షకులుగా రాజ్యం నడిపారు. అధికారం మొత్తం చేతికి వచ్చినవారు పసిరాజుల విషయంలో ఏమి చేశారో చరిత్రలో చాలా చూశాం. ఇక్కడ అలాంటిది జరగలేదు.

పనివారిని ఎన్నుకోవడంలో ఆయన చూపు దూరంగా పోయేది. నగరంలో దారుల్ ఉలూం పాఠశాల స్థాపించారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు మొదలైన శాఖలకు సదరుల్ మహాంలు అనే నలుగురు మంత్రులను నియమించి పని పంచారు. 1870లలో ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని పిలిపించారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్ ముల్క్‌గా ప్రసిద్ధుడైన సయ్యద్ మెహదీ అలీ, విఖారుల్ ముల్క్ ముష్తాఖ్ హుసేన్, డిప్యూటీ నజీర్ అహ్మద్, చిరాగ్ అలీ అలా వచ్చినవారే. వారి వల్ల దస్తరాలు బాగుపడ్డాయి. అయితే స్థానికులైన ముల్కీలకు చోటు తగ్గుతోందన్న బాధ కూడా అప్పుడే మొలకెత్తింది. ఆ మొక్క తర్వాతి రోజుల్లో ఎంత పెద్ద చెట్టయిందో తెలంగాణ చరిత్ర చదివినవారికి తెలుసు. శాఖలు పంచినా చివరి మాట మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారన్న విమర్శ కూడా ఆయన మీద ఉంది.

ఇక బేరార్. 1857 సహాయానికి ప్రతిఫలంగా 1860లో ఇంగ్లీషువారు కొత్త ఒడంబడిక చేసుకున్నారు. రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. 50 లక్షల రూపాయల అప్పు రద్దు చేశారు. షోరాపూర్ సంస్థానం నిజాంకు దక్కింది. గోదావరి ఎడమ గట్టు తాలూకాలు మాత్రం వారు తీసుకున్నారు. బేరార్‌ను అమానతుగా తమ దగ్గర ఉంచుకుంటామని అన్నారు. అవును, ఆ కాగితంలో వారు వాడిన మాటకు అర్థం అమానతే. 1853 ఒడంబడిక ప్రకారం బేరార్ ఆదాయ వ్యయాల లెక్క ఏటా నిజాంకు చూపించాలి. 1860 కాగితంలో ఆ లెక్క అడిగే హక్కును హైదరాబాదు వదులుకుంది. ఖర్చులు పోగా మిగిలింది ఇస్తామన్నారు, ఎంత మిగిలిందో చెప్పేది వారే. తాకట్టు తాలూకా లెక్కను జమేదారు నోటి నుంచి లాగి కాగితం మీద పెట్టించిన దివాన్ హయాంలోనే ఈ సంతకం జరగడం విచారకరం. కాదనే బలం సర్కారుకు లేకపోయి ఉండవచ్చు.

ఆయన దీనిని మరచిపోలేదు. 1872 నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాశారు. కాంటింజెంటు ఖర్చుకు సరిపడే సొమ్ము ముందుగానే జమ చేస్తాం, మా జిల్లాలు మాకు ఇవ్వండి అన్నది వాటి సారాంశం. 20 ఏళ్ళ క్రితం దివాళా తీసిన సర్కారు ఈ మాట అనగలిగే స్థితికి వచ్చింది. ఈ మాట వచ్చినప్పటి నుంచే ఇంగ్లీషువారి ప్రేమ చల్లబడింది. 1876లో ఆయన స్వయంగా ఇంగ్లండు వెళ్ళారు. దారిలో ప్యారిస్‌లో హోటలు మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ స్థితిలోనే లండన్ చేరారు. విక్టోరియా రాణి దర్శనమిచ్చింది, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది, లండన్ నగరం సన్మానించింది. బేరార్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ ప్రయాణంలోనే ఇటలీలో కొన్న రెబెక్కా విగ్రహం ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

తిరిగి వచ్చాక 1877లో తోటి సంరక్షకుడు మరణించగా, ఆయనకు ఎదురుపక్షంగా పేరున్న రషీదుద్దీన్ ఖాన్‌ను వైస్రాయి లిట్టన్ సర్కారు ఆ స్థానంలో కూర్చోబెట్టింది. సాలార్‌జంగ్ అభ్యంతరం చెప్పి, చివరికి తలవంచారు. ఇష్టం లేని తోటివాడితో నాలుగేళ్ళు, ఆయన 1881లో మరణించేదాకా, పని ఆగకుండా నడిపారు. బేరార్ విషయం నిజాం మైనారిటీ తీరాక మాట్లాడుకుందామని 1878లో లండన్ నుంచి జవాబు వచ్చింది.

ఆ రోజు ఆయన చూడలేదు. 1883 ఫిబ్రవరిలో హైదరాబాదు వచ్చిన ఒక జర్మన్ రాజవంశీయుడికి మీర్ ఆలం చెరువు మీద పడవ విహారం ఏర్పాటు చేశారు. ఆ వెంటనే కలరా సోకింది. 8వ తేదీన, 54 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. మరుసటి ఏడాది మహబూబ్ అలీ ఖాన్ యుక్తవయస్కుడై అధికారం చేపట్టారు, సాలార్‌జంగ్ పెద్ద కుమారుడు లాయఖ్ అలీ ఖాన్ దివాన్ అయ్యారు. 1902 నవంబరులో లార్డ్ కర్జన్ హైదరాబాదుతో ఒక కొత్త ఒప్పందం చేసుకున్నారు. అమానతుగా ఉన్న బేరార్‌ను సాలుకు 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద వ్రాయించుకున్నారు.